ఆర్మీలో నాలుగేళ్ళు, ఆ తర్వాత డెంటల్ సీటు: నా అనుభవం

2025 ఆగస్టులో టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ డెంటల్ స్కూల్లో ఫస్టియర్ మొదలుపెట్టాను. అంతకుముందు నాలుగేళ్ళు అమెరికా ఆర్మీలో డెంటల్ స్పెషలిస్టుగా పనిచేశాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళల్లో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఎవరో ఒక ఆంటీ పక్కకి పిలిచి ఇదే అడుగుతున్నారు: "ఆర్మీలో చేసి వస్తే డెంటల్ సీటు తేలిగ్గా ఇచ్చేస్తారటగా అమ్మా?" నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను 2018 మేలో బయాలజీ డిగ్రీ పూర్తి చేశాను. జీపీఏ 3.1. కాలేజీ రెండో ఏడాదిలో అమ్మకి పెద్ద ఆపరేషన్ అయింది. ఆ సెమిస్టరంతా ఇంటికీ కాలేజీకీ మధ్య తిరిగాను. ఆర్గానిక్ కెమిస్ట్రీలో 'సీ' గ్రేడు వచ్చింది. డెంటల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష డాట్‌లో స్కోరు 18. డెంటల్ స్కూళ్ళలో చేరేవాళ్ళ సగటు జీపీఏ మూడున్నర దాటి ఉంటుంది. అయినా ఆ జూన్‌లో అప్లై చేశాను. 2019 వసంతానికల్లా అన్ని చోట్ల నుంచీ 'సారీ' ఈమెయిళ్ళు వచ్చేశాయి, ఒక్క ఇంటర్వ్యూ పిలుపు కూడా లేకుండా.

ఒక స్కూలు అడ్మిషన్స్ ఆఫీసుకి ఫోన్ చేసి నా ఫైల్లో ఏం తక్కువైందో చెప్పమని అడిగాను. ఇది ఎవరైనా చేయొచ్చు, చాలామందికి తెలియదు. సైన్స్ సబ్జెక్టుల్లో మార్కులు తక్కువ, డెంటల్ క్లినిక్‌లో గడిపిన సమయం తక్కువ అని ఫోన్ తీసిన ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మార్కులు పెంచుకోవడానికి మాస్టర్స్ చేద్దామంటే అప్పు చేయాలి. ఉన్న స్టూడెంట్ లోనే తీరలేదు. అప్పుడు చూశాను, ఆర్మీలో 68-ఈ అని ఒక ఉద్యోగం ఉంది. డెంటిస్టు పక్కన నిలబడి పనిచేసే అసిస్టెంటు పని. ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు, జీతం ఇస్తారు, మూడేళ్ళ యాక్టివ్ డ్యూటీ దాటితే జీఐ బిల్ అనే ప్రభుత్వ పథకం కింద చదువుకి పూర్తి సాయం వస్తుంది.

ఇంట్లో చెప్పిన రోజు నుంచి అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. తెనాలి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి, "డిగ్రీ చదివిన పిల్లని సిపాయిగా పంపిస్తారా, మీకేమైనా మతి పోయిందా?" అని నాన్నని కేకలేసింది. నాన్న కాగితాల మనిషి. కాంట్రాక్టు తెప్పించుకుని డైనింగ్ టేబుల్ మీద పరిచి ప్రతి పేజీ చదివారు. ఆయన చదవబట్టే రెండు సంగతులు ముందే తెలిశాయి. ఒకటి, 68-ఈ అనే ఉద్యోగం కాంట్రాక్టులో అక్షరాలా రాసి ఉండాలి. రిక్రూటర్ నోటిమాటకి విలువ లేదు. రెండు, నాలుగేళ్ళ కాంట్రాక్టు అన్నా బాధ్యత మొత్తం ఎనిమిదేళ్ళు. మిగతా నాలుగేళ్ళు రిజర్వు జాబితాలో పేరు ఉంటుంది, అవసరమైతే మళ్ళీ పిలవొచ్చు. ఈ రెండో సంగతి తర్వాత ఇంటర్వ్యూల్లో కూడా వచ్చింది. డిగ్రీ ఉన్నందువల్ల అడుగున ఉండే 'ప్రైవేటు' ర్యాంకుతో కాకుండా, దానికి పైనున్న 'స్పెషలిస్టు' ర్యాంకుతో తీసుకున్నారు. నెలకి 2,200 డాలర్ల పైచిలుకు జీతం.

2020 జూలైలో సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌కి వెళ్ళాను. కోవిడ్ రోజులు. మొదటి రెండు వారాలు మాస్కులతో, బంకుకీ బంకుకీ మధ్య దూరంతో విడిగా ఉంచారు. ఆ తర్వాతే అసలు ట్రైనింగ్ పట్టాలెక్కింది. అది పది వారాలు. ఫోన్ ఆదివారం కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో అమ్మ ఏడుపే ఎక్కువ వినపడేది. తర్వాత శాన్ ఆంటోనియోలో ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో డెంటల్ ట్రైనింగ్. ఎక్స్‌రేలు తీయడం, పరికరాల స్టెరిలైజేషన్, డెంటిస్టు చేతికి ఏ క్షణాన ఏది అందించాలో నేర్పించారు. అక్కడి నుంచి టెక్సస్‌లోనే ఫోర్ట్ హుడ్. మధ్యలో దాని పేరు ఫోర్ట్ కవాజోస్ అయింది, 2025లో మళ్ళీ ఫోర్ట్ హుడ్ అయింది. నా కాగితాల్లో రెండు పేర్లూ కనిపించేసరికి ఒక స్కూలు వాళ్ళు "ఇవి రెండు వేర్వేరు చోట్లా?" అని అడిగారు.

ఆర్మీలో పంటి వైద్యం ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా అప్లికేషన్‌కి ప్రాణం పోసింది అదే. ప్రతి సోల్జర్‌కీ ఒక డెంటల్ క్లాసు ఉంటుంది. ఒకటి అంటే ఏ పనీ అక్కర్లేదు. రెండు అంటే చిన్న పనులున్నాయి, తొందర లేదు. మూడు అంటే ఏడాది లోపు నొప్పితో పరిగెత్తుకొచ్చే ప్రమాదం ఉంది. నాలుగు అంటే చెకప్ గడువు దాటిపోయింది. మూడు, నాలుగు క్లాసుల్లో ఉన్నవాళ్ళని వేరే చోట డ్యూటీకి, అంటే డిప్లాయ్‌మెంట్‌కి పంపరు. అందుకే యూనిట్ బయలుదేరే ముందు నెలల్లో క్లినిక్ కిటకిటలాడుతుంది.

2023లో పోలండ్ వెళ్ళే ఒక యూనిట్ వచ్చినప్పుడు అలబామా పల్లె నుంచి వచ్చిన 19 ఏళ్ళ కుర్రాడు కుర్చీలో కూర్చున్నాడు. ఆర్మీకి రాకముందు డెంటిస్టు మొహం చూడలేదట. కింది దవడ పన్ను చిగురు వరకు విరిగిపోయి ఉంది, తీసేయక తప్పదు. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి, బూట్లు ఒకదాని మీద ఒకటి మెలేసుకుని ఉన్నాడు. "సార్జెంట్, నొప్పి పుడుతుందా?" అని అడిగాడు. అప్పటికి నాకు సార్జెంట్ ర్యాంకు వచ్చింది. "సూది దగ్గర పుడుతుంది. ఆ తర్వాత లాగుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి ఉండదు. ఎడమ చెయ్యెత్తు, ఆపేస్తాం" అన్నాను. సూది పడుతున్నంతసేపూ భుజం మీద చెయ్యేసి ఉంచాను. చెయ్యెత్తలేదు. పన్ను ముక్కలుగా వచ్చింది, ఒక వేరు చివర కొక్కెంలా వంగి ఉంది. గాజుగుడ్డ కొరికిపట్టుకుని, చూపించమని సైగ చేశాడు. చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రం కంప్యూటర్‌లో అతని క్లాసు మూడు నుంచి రెండుకి మారింది.

ఇలాంటి రోజులు నాకు బోలెడు దొరికాయి. బయట షాడోయింగ్ అంటే మూల నిలబడి చూడటమే. ఇక్కడ నా చేతులు పేషెంటు నోట్లో ఉండేవి. ఆర్మీ సర్వీస్ వల్ల నాకు జరిగిన అసలు మేలు ఇదే అని నా నమ్మకం. ఇదే ఆర్మీలో ట్రక్కు నడిపే ఉద్యోగం చేసి ఉంటే క్రమశిక్షణ, నాయకత్వం అని రాసుకునేదాన్ని. అవి మంచివే, కానీ డెంటల్ స్కూలు అడిగే మొదటి ప్రశ్నకి, 'ఈ పని నీకు నిజంగా తెలుసా' అన్నదానికి, అవి జవాబు కావు.

మార్కుల సంగతి మాత్రం ఏ యూనిఫామూ మార్చలేదు. పగలు క్లినిక్, సాయంత్రం దగ్గర్లోని కాలేజీలో క్లాసులు. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివాను, ఆర్గానిక్ మళ్ళీ రాశాను. ఫీజు నా జీతంలోంచే కట్టుకున్నాను, జీఐ బిల్ ఒక్క నెల కూడా ముట్టుకోలేదు. ఫీల్డ్ ఎక్సర్‌సైజ్, అంటే ఆరుబయట చేసే ఆర్మీ సాధన, వచ్చిందంటే క్లాసులు పోతాయి. ముందుగా లెక్చరర్‌కి చెప్పి పెట్టుకోవాలి. అన్నింట్లో 'ఏ' గ్రేడు వచ్చింది. అయినా మొత్తం జీపీఏ 3.1 నుంచి 3.3 దగ్గరికే జరిగింది. ఎందుకంటే అన్ని స్కూళ్ళకీ ఒకేచోట అప్లై చేసే సెంట్రల్ అప్లికేషన్ సిస్టమ్స్‌లో పాత 'సీ' చెరిగిపోదు. మళ్ళీ రాసి తెచ్చుకున్న 'ఏ' పక్కనే పాత 'సీ' కూడా లెక్కలోకి వస్తుంది. ఆ సంఖ్య చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. సర్వీసులో ఉన్నవాళ్ళకేమైనా సడలింపు ఉందా అని వెతికాను. ఈ లెక్కలో ఎవరికీ సడలింపు లేదు.

2024 ఫిబ్రవరిలో డాట్ మళ్ళీ రాశాను. స్కోరు స్క్రీన్ మీద వెంటనే కనిపిస్తుంది. 21. పార్కింగ్ లాట్‌లోంచి నాన్నకి ఫోన్ చేస్తే, "సరే తల్లీ, ముందు తిను" అన్నారు. ఆయన గొంతు వణకడం తెలిసింది. మేము రాసినప్పుడు ఒకటి నుంచి ముప్ఫై వరకు ఉండే పాత స్కేలు. 2025 మార్చి నుంచి 200 నుంచి 600 వరకు కొత్త స్కేలు వచ్చింది, ఇప్పుడు రాసేవాళ్ళు నా అంకెతో పోల్చుకోవద్దు.

మే, జూన్ నెలలు అప్లికేషన్లతోనే గడిచాయి. టెక్సస్ ప్రభుత్వ స్కూళ్ళకి టీఎండీశాస్ అని వేరే పోర్టల్. డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఎల్ పాసో, ఎన్నింటికి వేసినా ఒకటే ఫీజు, రెండు వందల డాలర్ల పైచిలుకు. మిగతా రాష్ట్రాలకి ఆడ్‌శాస్ అని ఇంకో పోర్టల్. ఆ ఏడాది మొదటి స్కూలుకి 264 డాలర్లు, ఆపై ఒక్కో స్కూలుకి 115. ఆ తర్వాత స్కూళ్ళు విడిగా సప్లిమెంటల్ ఫీజు అడుగుతాయి. ఇక్కడ ఒక చిన్న ఆశ్చర్యం: సర్వీసులో ఉన్నానని ఈమెయిల్ చేస్తే కొన్ని స్కూళ్ళు ఆ ఫీజు వదిలేశాయి. వెబ్‌సైట్‌లో ఎక్కడా రాసి లేదు, అడిగితేనే. ఆడ్‌శాస్ వాళ్ళు మార్కులు సరిచూడటానికే నెల దాటింది. ఆ నెలంతా టెన్షన్‌తో రోజుకి పదిసార్లు పోర్టల్ తెరిచేదాన్ని.

పర్సనల్ స్టేట్‌మెంట్‌కి 4,500 క్యారెక్టర్లే, ఖాళీలతో కలిపి. నా మొదటి డ్రాఫ్టు నిండా ఆర్మీ పొట్టి పేర్లే ఉన్నాయి. ఒక ప్రొఫెసర్ చదివి, "నాకు సగం అర్థం కాలేదు" అన్నారు. అన్నీ తీసేసి ఆ అలబామా కుర్రాడి పన్ను గురించి రాశాను. ఆర్మీ ట్రైనింగ్ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా ఉంటుంది. దాంట్లో ఉన్న క్రెడిట్లు డెంటల్ స్కూలుకి ముందు చదివి ఉండాల్సిన సైన్స్ సబ్జెక్టులకి ఒక్కటీ పనికిరాలేదు.

సిఫార్సు ఉత్తరాల దగ్గర మాత్రం బాగా ఇబ్బంది పడ్డాను. నా పని దగ్గరుండి చూసిన డెంటిస్టు, కెప్టెన్ ర్యాంకు, అప్పటికే జర్మనీకి బదిలీ అయ్యారు. ఆడ్‌శాస్ పంపిన లింకు ఆయన మిలిటరీ ఈమెయిల్‌కి చేరనే లేదు. మూడు వారాలు ఆయన రాయలేదేమో అని నేను, నేను అడగలేదేమో అని ఆయన. చివరికి సొంత ఈమెయిల్‌కి మళ్ళీ పంపిస్తే రెండు రోజుల్లో వచ్చింది. ఆర్మీలో మనుషులు రెండు మూడేళ్ళకోసారి ఊరు మారతారు. బదిలీ ఆర్డర్లు వచ్చిన రోజే సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి.

2024 జూలైలో నా సర్వీస్ ముగిసింది. విడుదల కాగితాన్ని డీడీ-214 అంటారు. దాంట్లో 17వ గడి పంటి వైద్యానిదే: వెళ్ళిపోయే ముందు 90 రోజుల్లో పూర్తి డెంటల్ పరీక్ష, కావాల్సిన చికిత్స అందాయా లేదా అని. నాలుగేళ్ళు ఎందరినో ఆ గడి కోసం కుర్చీలో కూర్చోబెట్టాను. నా కాగితంలో అక్కడ 'అవును' అని చూసుకుని చాలాసేపు దాన్నే పట్టుకుని ఉండిపోయాను. ఆ గడిలో 'లేదు' అని ఉంటే, 180 రోజుల లోపు మాజీ సైనికుల శాఖ అయిన వీఏలో ఒకసారి ఉచితంగా పంటి వైద్యం అడగొచ్చు. చాలామంది ఆ గడువు దాటించేసుకుంటారు.

తర్వాత ఏడాది ఖాళీ. ప్రైవేటు క్లినిక్‌లో అసిస్టెంటుగా చేరదామని వెళ్తే, టెక్సస్‌లో ఎక్స్‌రేలు తీయాలంటే రాష్ట్ర డెంటల్ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలన్నారు. ఆర్మీలో వేల ఎక్స్‌రేలు తీసినా ఆ కాగితం లేనిదే కుదరదు. పరీక్ష రాసి అది వచ్చేవరకు పరికరాలు కడగడం, అపాయింట్‌మెంట్లు రాయడం. సర్వీసు ముగిసేలోపే అది చేసుకుంటే ఆ జీతం నష్టం ఉండదు.

ఇంటర్వ్యూలు సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు జరిగాయి. బయటి రాష్ట్రాల స్కూళ్ళలో సగానికి పైగా అసలు పలకనే లేదు. వెటరన్ అన్న మాట చూసి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. పిలిచిన చోట మాత్రం ముఖాలు వేరుగా ఉన్నాయి. ఒకచోట ఓరల్ సర్జన్ నా స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని, "ఆ పన్నుని కాపాడే వీలు లేదా? రూట్ కెనాల్ ఎందుకు ఆలోచించలేదు?" అని మొదలుపెట్టారు. పన్ను చిగురు మట్టానికి విరిగిందనీ, క్రౌన్ నిలబడటానికి ఏమీ మిగల్లేదనీ, యూనిట్ బయలుదేరే తేదీ కూడా దగ్గర పడిందనీ డాక్టర్ నాకు వివరించిన మాటలే చెప్పాను. "ఆ తేదీ లేకపోతే?" అన్నారు. అయినా తీసేసేవాళ్ళమే అని, ఎందుకో చెప్పాను. ఇంటర్వ్యూలో సగం సమయం ఆ ఒక్క పన్ను చుట్టూనే తిరిగింది.

మిగతా ప్రశ్నలు దాదాపు అన్నిచోట్లా అవే. చదువు మధ్యలో రిజర్వు నుంచి పిలుపు వస్తే ఏం చేస్తావు? 22 ఏళ్ళ పిల్లల మధ్య కూర్చోగలవా? ఆర్మీ వాళ్ళ హెల్త్ ప్రొఫెషన్స్ స్కాలర్‌షిప్ ఎందుకు తీసుకోవడం లేదు? ఆ స్కాలర్‌షిప్ ఫీజంతా కట్టి నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. నాలుగేళ్ళకి తీసుకుంటే ఆఫీసర్‌గా నాలుగేళ్ళు తిరిగి పనిచేయాలి. అది మంచి దారే, నాతో పనిచేసిన డాక్టర్లలో చాలామంది ఆ దారిలో వచ్చినవాళ్ళే. నాకు జీఐ బిల్ ఉంది, అమ్మ ఆరోగ్యం దృష్ట్యా డాలస్ దగ్గర్లో ఉండాలి, అదే చెప్పాను.

డెంటల్ స్కూళ్ళు సీట్లు ఇవ్వడం డిసెంబర్ మధ్యలో మొదలవుతుంది. 2024 డిసెంబర్ 16, సోమవారం ఉదయం, క్లినిక్‌లో చేతులకి గ్లవ్స్ ఉండగా ఫోన్ మోగింది. తీయలేకపోయాను. వాయిస్ మెయిల్ స్టోర్‌రూమ్‌లో నిలబడి విన్నాను. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ తీసింది. ఏమీ మాట్లాడకుండా ఏడ్చి, తర్వాత తెనాలికి తనే ఫోన్ చేసి చెప్పింది. పెద్దమ్మ ఇప్పుడు ఊళ్ళో అందరికీ "మా పిల్ల మిలిటరీలో ఆఫీసర్" అంటోంది. కాదని నేను చెప్పినా వినదు. ఆవిడ సొంత కూతురు విజయవాడలో బీడీఎస్ చేసింది, ఇప్పుడు అమెరికా రావాలనుకుంటోంది. తన దారి పూర్తిగా వేరు, బయటి దేశంలో డెంటల్ డిగ్రీ చేసినవాళ్ళు చేరే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సుకి క్యాపిడ్ అనే పోర్టల్ ద్వారా అప్లై చేయాలి. నా అనుభవం తనకి పెద్దగా పనికిరాదు.

చేరాక అడ్మిషన్స్ డీన్‌ని నేరుగా అడిగాను, నా సర్వీస్ ఎంతవరకు పనిచేసిందని. "3.3 జీపీఏని మామూలుగా పక్కన పెట్టేస్తాం. మీ క్లినిక్ పని, కెప్టెన్ ఉత్తరం చూసి ఫైలు మళ్ళీ తెరిచాం. ఇంటర్వ్యూకి పిలిచింది మాత్రం ఈమధ్య చదివిన సైన్స్ గ్రేడులు, డాట్ చూసి" అన్నారు. ఆంటీలందరికీ నేను చెప్పదలచుకున్న జవాబు ఆయన నోటితోనే వచ్చింది.

ఇక డబ్బు. పూర్తి అర్హత ఉంటే జీఐ బిల్ ప్రభుత్వ స్కూల్లో రాష్ట్రవాసుల ఫీజు మొత్తం కడుతుంది. ప్రైవేటు స్కూలైతే ఏడాదికి దాదాపు 30 వేల డాలర్ల దగ్గర ఆగిపోతుంది. ప్రైవేటు డెంటల్ ఫీజుల ముందు అది చాలా తక్కువ. ఇంటి అద్దెకి భత్యం ఏ నెలది ఆ నెల ముగిశాకే వస్తుంది, సెలవుల రోజులకి రాదు. మొదటి భత్యం రావడానికి నాకు అక్టోబర్ అయింది. అప్పటివరకు గడవడానికి డబ్బు చేతిలో ఉంచుకోవాలి. ప్రతి నెలా 'చదువుతున్నాను' అని వీఏ పంపే టెక్స్ట్‌కి జవాబివ్వాలి, వరసగా రెండు నెలలు మర్చిపోతే భత్యం ఆగిపోతుంది.

ఎవరూ ముందుగా చెప్పనిది ఇంకొకటి ఉంది. జీఐ బిల్ 36 నెలలు. మామూలు డిగ్రీకి ఏడాదికి తొమ్మిది నెలల చొప్పున నాలుగేళ్ళు సరిపోతుంది. డెంటల్ స్కూలు వేసవిలో కూడా నడుస్తుంది, ఏడాదికి పదకొండు నెలలు. నా లెక్క ప్రకారం 2028 చివర్లో ఆ 36 నెలలు అయిపోతాయి. సెమిస్టర్ మధ్యలో అయిపోతే దాని చివరి వరకు ఇస్తారు. 2029 వసంతం సెమిస్టర్‌కి మాత్రం నేనే చూసుకోవాలి. నేను టెక్సస్ నుంచే ఆర్మీలో చేరాను కాబట్టి రాష్ట్రం వాళ్ళ హేజిల్‌వుడ్ చట్టం కింద ప్రభుత్వ స్కూళ్ళలో 150 క్రెడిట్ గంటల వరకు ట్యూషన్ మినహాయింపు ఉంది. ఆ సెమిస్టర్‌కి అది వాడతాను. అద్దెకీ తిండికీ అది రాదు. ఆ అయిదు నెలల ఖర్చు కోసం ఇప్పటి నుంచే ప్రతి నెలా భత్యంలోంచి 200 డాలర్లు పక్కన పెడుతున్నాను. నాన్న దానికి ఒక ఎక్సెల్ షీటు కూడా తయారుచేశారు.